డ్రిల్లు మాస్టారి జవాబులు: జాన్సెన్ ఎనిమిదో పరుగు

పోయిన నెల బాపట్ల నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ఉత్తరం రాసింది. మండల పోటీల్లో 400 మీటర్ల పరుగులో అందరికంటే ముందుండి, చివరి మలుపులో కాలు జారి పడిపోయిందట. "ఇప్పుడు మలుపు దగ్గరికి వస్తేనే భయంగా ఉంది మాస్టారూ" అంది. ఆ జవాబులో, అక్క పోయిన రోజునే ఒలింపిక్స్ పోటీకి దిగి పడిపోయి, 1992లోనూ ఓడి, చివరికి 1994లో 1000 మీటర్లలో బంగారు పతకం గెలిచిన అమెరికా ఐస్ స్పీడ్ స్కేటర్ డాన్ జాన్సెన్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఆ ఒక్క వాక్యం మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం అతని గురించే.

ప్రకాశం జిల్లాలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారిగా చేసిన మీకు మంచు ఆట సంగతులు ఎలా తెలుసని కొందరు అడిగారు. మా అమ్మాయి వాళ్లు మిల్వాకీలో ఉంటారు. రెండు చలికాలాలు అక్కడే ఉన్నాను. బయట అడుగుపెడితే ముక్కు, చెవులు మొద్దుబారిపోయే చలి. నడక మానేస్తే నాకు తోచదు. అందుకని అమ్మాయి రోజూ ఆఫీసుకు వెళ్తూ నన్ను పెటిట్ నేషనల్ ఐస్ సెంటర్ దగ్గర దింపేది. లోపల 400 మీటర్ల మంచు ట్రాక్, దాని చుట్టూ నడిచేవాళ్ల కోసం ఒక బాట ఉంటాయి. స్వెటర్ వేసుకుని ఆ బాట మీద నడుస్తూ, మంచు మీద ప్రాక్టీసు చేసే పిల్లల్ని చూసేవాణ్ణి. జాన్సెన్ పెరిగిన వెస్ట్ ఆలిస్ ఆ పక్కనే. నడకకొచ్చే పెద్దవాళ్లు అతని గురించి తమ వీధి కుర్రాడి గురించి చెప్పినట్టే చెబుతారు. అక్కడే నాకు అతని మీద ఇష్టం పుట్టింది.

ప్రశ్న: అసలు ఆయనకు ఏం జరిగింది మాస్టారూ? మొదటి నుంచి చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: చెబుతానమ్మా. జాన్సెన్ 1965లో పుట్టాడు. తొమ్మిది మంది సంతానంలో ఆఖరివాడు. తండ్రి పోలీసు, తల్లి నర్సు. ఇంట్లో స్కేటింగ్ అందరికీ అలవాటే కానీ, ఇతనికి ఆ ఆట మీద ఆశ పుట్టించింది అక్క జేన్.

పన్నెండేళ్లప్పుడు జాతీయ పోటీలకు వెళ్లాడు. ట్రాక్ మీద గుర్తుగా వేసిన రబ్బరు గొట్టం తగిలి పడ్డాడు. ఒక్క పాయింటు తేడాతో టైటిల్ పోయింది. తిరుగు ప్రయాణంలో కారులో గంటల తరబడి ఏడుస్తూనే ఉన్నాడట. తండ్రి దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇల్లు చేరాక మాత్రం, గుండ్రంగా స్కేటింగ్ చేసుకుంటూ తిరగడం కంటే జీవితంలో ఇంకా చాలా ఉందని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. జాన్సెన్ పెద్దయ్యాక ఈ సంగతి చాలాసార్లు తలచుకున్నాడు. నేనైతే ఆ తండ్రి దారిలో మౌనంగా ఉండటాన్ని ఎక్కువ మెచ్చుకుంటాను. ఓడిన పిల్లకు ఏడవడానికి వ్యవధి ఇవ్వాలి. మైదానం గేటు దాటకముందే పాఠం మొదలుపెట్టే తల్లిదండ్రుల్ని నేను చాలామందిని చూశాను.

1984 సరయెవో ఒలింపిక్స్‌కు వెళ్లేసరికి అతనికి 18 ఏళ్లు. 500 మీటర్లలో నాలుగో స్థానం. కాంస్యం 0.16 సెకన్లలో తప్పిపోయింది. ఆ వయసు కుర్రాడికి అది గొప్ప ఫలితమే, అప్పుడెవరూ బాధపడలేదు.

1987లో జేన్‌కు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ముగ్గురు ఆడపిల్లల తల్లి ఆవిడ. ఏడాది తిరిగేసరికి కాల్గరీ ఒలింపిక్స్ వచ్చాయి. అంతకు వారం రోజుల ముందే సొంత ఊరు వెస్ట్ ఆలిస్‌లో జాన్సెన్ ప్రపంచ స్ప్రింట్ ఛాంపియన్ అయ్యాడు. కాల్గరీలో 500 మీటర్లలో బంగారు పతకం అతనికి వస్తుందని చాలామంది అనుకున్నారు.

1988 ఫిబ్రవరి 14. ఆ రోజే 500 మీటర్ల పోటీ. తెల్లవారుజామున ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అక్క ఇక ఎక్కువసేపు ఉండదన్నారు. ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టారు. ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు, ఇతనే మాట్లాడాడు. కొన్ని గంటలకే పోయిందని కబురొచ్చింది. ఆవిడకు 27 ఏళ్లు. ఆ సాయంత్రం అతను గీత దగ్గర నిలబడ్డాడు. మొదటి మలుపులోనే కాళ్లు కిందనుంచి జారిపోయాయి. వెళ్లి పక్కనున్న మెత్తలకు కొట్టుకున్నాడు.

నాలుగు రోజులకు 1000 మీటర్లు. ఈసారి అందరికంటే వేగంగా పోతున్నాడు. ఇక 200 మీటర్లే ఉందనగా మళ్లీ పడ్డాడు.

1992 ఆల్బర్ట్‌విల్‌లో 500 మీటర్లలో నాలుగో స్థానం, 1000లో 26వ స్థానం. అది బయటి ట్రాక్, మంచు మెత్తగా ఉంది. ఒలింపిక్స్‌లో ఈ పోటీలు ఆరుబయట పెట్టడం అదే ఆఖరిసారి.

1994లో నార్వేలోని హామార్. అక్కడి స్టేడియం పేరు వైకింగ్‌షిపెట్, బోర్లించిన వైకింగ్ ఓడలా ఉంటుంది దాని పైకప్పు. ఆ సీజన్‌లో 500 మీటర్లను 36 సెకన్ల లోపు పూర్తి చేసిన మొదటి మనిషి జాన్సెన్. 1993 డిసెంబరులో ఇదే స్టేడియంలో 35.92, జనవరిలో కాల్గరీలో 35.76. మిగిలినవాళ్లకు ఆ అంకె కలలోకి కూడా రాని రోజులవి. ఫిబ్రవరి 14న, అక్క పోయి సరిగ్గా ఆరేళ్లయిన రోజున, 500 మీటర్లు. చివరి మలుపులో కాలు తడబడింది. ఎనిమిదో స్థానం. నాలుగు రోజుల తర్వాత 1000 మీటర్లు. నాలుగు ఒలింపిక్స్‌లో కలిపి అది అతని ఎనిమిదో పరుగు, ఆఖరిది కూడా. అందులోనూ ఒక మలుపులో జారాడు, ఎడమ చెయ్యి మంచుకు తగిలినంత పనైంది. నిలదొక్కుకున్నాడు. 1 నిమిషం 12.43 సెకన్లు. ప్రపంచ రికార్డు, బంగారు పతకం. బెలారుస్‌కు చెందిన ఇగోర్ జెలెజోవ్‌స్కీకి రజతం దక్కింది.

పతకం అందుకుంటూ ఆకాశం వైపు చూసి అక్కకు నమస్కారం పెట్టినట్టు చెయ్యెత్తాడు. తర్వాత ఇంకా ఏడాది నిండని కూతుర్ని చేతుల్లోకి తీసుకుని మంచు మీద చుట్టూ తిరిగాడు. ఆ పాపకు పెట్టిన పేరు జేన్.

ప్రశ్న: ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. తోడబుట్టింది పోయిన రోజున ఎవరైనా ఆటకు వెళ్తారా? ఎంత ఆటగాడైతే మాత్రం అంత గుండె రాయి చేసుకోవాలా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ కోపం నాకు అర్థమైంది. మన ఇళ్లలో అలాంటి రోజున పొయ్యి కూడా వెలిగించరు. కాల్గరీలో ఉన్న కొడుకుతో ఆ ఇంటివాళ్లు మాట్లాడుకునే నిర్ణయించుకున్నారు. జేన్ ఉంటే పోటీలో దిగమనే అంటుందని అందరి మాటా. అక్క పెట్టిన ఆట అది. అక్క పేరు మీదే దిగాడు.

గుండె రాయి చేసుకున్నవాడు మొదటి మలుపులో అలా పడడమ్మా. ఆ వీడియో మీరు ఒకసారి చూడండి. లేచి కూర్చుని తల పట్టుకుంటాడు. వారం కిందట ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తిరిగిన మలుపులో నిలబడలేకపోయాడు. కాళ్లు అక్కడున్నాయి, మనిషి అక్కడ లేడు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెబుతాను. ఇంతవరకు ఈ శీర్షికలో ఎప్పుడూ రాయలేదు. చాలా ఏళ్ల కిందట జిల్లా స్థాయి పోటీలకు మా స్కూలు ఆడపిల్లల ఖోఖో జట్టును ఒంగోలు తీసుకెళ్లాను. పన్నెండు మంది పిల్లలు, వాళ్లకు తోడు నేనొక్కణ్ణే. మధ్యాహ్నం సెమీఫైనల్ మొదలయ్యే ముందు, కందుకూరులో మా అక్క పోయిందని ఒక మనిషి వచ్చి చెప్పాడు. చాలాకాలంగా మంచంలో ఉంది. నేను కొన్న మొదటి కాన్వాసు బూట్లకు డబ్బులు ఆవిడే ఇచ్చింది, బావకు తెలియకుండా. నేను పిల్లలకు ఏమీ చెప్పలేదు. విజిల్ మెళ్లో వేసుకుని గీత పక్కన కూర్చున్నాను. ఆట ముగిశాక వాళ్లను బస్సెక్కించి, ఊరు చేర్చి, ఎవరి ఇంటికి వాళ్లను అప్పగించి, రాత్రికి రాత్రి కందుకూరు వెళ్లాను. అక్క మొహం చూశాను. కానీ "అక్క శవం ఇంట్లో పెట్టుకుని ఆటలాడించి వచ్చాడు" అని బంధువుల్లో ఒకరు అందరి ముందు అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రోజు సెమీఫైనల్లో ఏం జరిగిందో మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. గెలిచామని పిల్లలు చెబితేనే తెలిసింది.

కాబట్టి అమ్మా, వెళ్లినవాణ్ణి తప్పు పట్టకండి. వెళ్లకుండా ఆగిపోయినవాణ్ణీ తప్పు పట్టకండి. దుఃఖం వచ్చిన రోజున మనిషి తనకు తెలిసిన పని ఏదో ఒకటి చేస్తాడు. వంట తెలిసినవాళ్లు వచ్చినవాళ్లకు వండి పెడతారు. అతనికి తెలిసింది స్కేటింగ్.

ప్రశ్న: ప్రపంచ ఛాంపియన్ స్థాయి వాళ్లు కూడా ఎందుకు పడతారు? బ్యాలెన్స్ సమస్యా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న బాబూ. లెక్క వేద్దాం. 1000 మీటర్లు 72.43 సెకన్లలో అంటే సెకనుకు దాదాపు 13.8 మీటర్లు, గంటకు 50 కిలోమీటర్ల వేగం. మన పల్లె దారిలో మోటార్‌సైకిల్ వేగం అది. కానీ మోటార్‌సైకిల్‌కు టైరుంది. ఇతని కాలి కింద ఉన్నది ఒక మిల్లీమీటరు కంటే కాస్త మందం ఉన్న ఉక్కు బ్లేడు. పొడవు మాత్రం 40 సెంటీమీటర్ల పైనే. మామూలు స్కేట్ల కంటే బాగా పొడుగు.

ఇప్పుడు మలుపు. లోపలి లేన్ వంపు వ్యాసార్ధం దాదాపు 26 మీటర్లు అనుకో. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించు. ఒంటి బరువులో దాదాపు ముప్పావు వంతు బలం అతన్ని బయటికి లాగుతున్నట్టు ఉంటుంది. దాన్ని కాచుకోవడానికి ఒళ్లంతా లోపలికి వాలాలి. అంత వాలి, కుడి కాలు ఎడమ కాలి మీదుగా వేస్తూ, ఆ సన్నటి బ్లేడు అంచుతో మంచును నెట్టాలి. అంచు పడే కోణం కాస్త మారినా, ముందు వెళ్లినవాళ్లు చేసిన గీతలో బ్లేడు పడినా, పట్టు వదిలేస్తుంది. వదిలాక సర్దుకోవడానికి సమయం ఉండదు. పెటిట్ సెంటర్‌లో పదేళ్ల పిల్లలు ఈ మలుపు ఒక్కదాన్నే గంటసేపు తిరగడం చూశాను. నడుముకు బెల్టు కట్టి, పక్కనుంచి ఒకరు తాడు పట్టుకుంటే, దాని మీద వాలి అడుగు మీద అడుగు వేయడం నేర్చుకుంటారు.

ఇంకో సంగతి. ఈ ఆటలో ఇద్దరిద్దరు దిగుతారు, ఒకరు లోపలి లేన్‌లో, ఒకరు బయట. చుట్టుకోసారి లేన్లు మార్చుకుంటారు, దూరం ఇద్దరికీ సమానం కావాలి కదా. 500 మీటర్లలో మలుపులు రెండే. చివరి మలుపు లోపలి లేన్‌లో వచ్చినవాడు నిండు వేగంలో చిన్న వంపు తిరగాలి. అది అన్యాయమని 1998 నుంచి కొన్ని ఒలింపిక్స్‌ల పాటు ఆ పోటీని రెండుసార్లు పెట్టి టైములు కలిపారు. జాన్సెన్ రోజుల్లో ఒక్కటే పరుగు. పడితే మళ్లీ నాలుగేళ్లే.

బూటు సంగతి కూడా చెబుతాను: అప్పటి బ్లేడు బూటుకు ముందూ వెనకా బిగించి ఉండేది. ఇప్పుడు మడమ దగ్గర విడిపోయే క్లాప్ స్కేట్లు. 1998 నగానో నాటికి అందరూ వాటికే మారారు. టైములు ఒక్కసారిగా పడిపోయాయి. జాన్సెన్ 1:12.43 ఎక్కడ, 2024లో జోర్డన్ స్టోల్జ్ పెట్టిన 1:05.37 ఎక్కడ! ఆ స్టోల్జ్‌ది కూడా విస్కాన్సిన్ రాష్ట్రమే. పెటిట్ సెంటర్‌లో సాధన చేసినవాడే.

ప్రశ్న: 1992 తర్వాత 1996 రావాలి కదా, 1994లో ఒలింపిక్స్ ఏమిటి? అచ్చుతప్పా?
– రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: అచ్చుతప్పు కాదండీ. అంతవరకు వేసవి, శీతాకాల ఒలింపిక్స్ రెండూ ఒకే ఏడాది జరిగేవి. వాటిని విడదీయాలని 1994లో ఒకసారి రెండేళ్లకే శీతాకాల క్రీడలు పెట్టారు. అది జాన్సెన్‌కు కలిసొచ్చింది. నాలుగేళ్లు ఆగాల్సి వస్తే అతనికి ముప్పై దాటేవి.

ప్రశ్న: పరుగుల పందెంలో అందరూ పడిపోతే వెనకున్నవాడు బంగారు పతకం కొట్టిన వీడియో వాట్సాప్‌లో చూశాం. ఆయనేనా ఈయన?
– కిరాణా వ్యాపారి, నల్గొండ

జవాబు: కాదండీ. అతను ఆస్ట్రేలియాకు చెందిన స్టీవెన్ బ్రాడ్‌బరీ, 2002 సాల్ట్ లేక్ సిటీ. అది షార్ట్ ట్రాక్, చిన్న రింకులో అందరూ ఒకేసారి గుంపుగా పోయే ఆట. ఆ వీడియో చూసి నవ్వుకునేవాళ్లకు ఒక మాట. 1994లో ఇంకొకరి బ్లేడు తొడలో దిగి, ఒంట్లోని రక్తం చాలావరకు పోయి, 111 కుట్లు పడ్డాయి అతనికి. 2000లో మెడ ఎముకలు విరిగాయి. ఆ రెండూ దాటి వచ్చి ఫైనల్ గీత మీద నిలబడ్డాడు. దాన్ని అదృష్టం అనడం నాకు ఇష్టం ఉండదు.

ప్రశ్న: 500 మీటర్లలో ప్రపంచంలోనే మొనగాడు 1000లో గెలవడమేంటి? మనసుకు సంబంధించినదా? మా అబ్బాయికి కూడా నెట్స్‌లో బాగానే ఆడి మ్యాచ్‌లో టెన్షన్ వస్తుంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మనసు సంగతి చాలా ఉందండీ. జాన్సెన్‌కు 1000 మీటర్లంటే మొదట్లో ఇష్టం ఉండేది కాదు. చివరి చుట్టులో కాళ్లు బరువెక్కుతాయని ముందే బెంగ. జిమ్ లోయర్ అనే క్రీడా మనస్తత్వ నిపుణుడి దగ్గర సలహా తీసుకున్నాడు. ఆయన చెప్పిన ఒక చిన్న పని, రోజూ కాగితం మీద "నాకు 1000 అంటే ఇష్టం" అని రాయడం. నిజంగా ఇష్టం లేకపోయినా రాయాలి. అలా చాలాకాలం రాశాడు. రాసి రాసి ఇష్టం వచ్చిందో, సాధనతో వచ్చిందో ఎవరు చెప్పగలరు! కోచ్ పీటర్ ముల్లర్ కూడా ఆషామాషీ మనిషి కాదు, 1976లో అదే 1000 మీటర్లలో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు.

నాకు తోచిన కారణం ఇంకొకటుంది. 500 మీటర్లు అతని మీద పెట్టిన ఆశ. లోకమంతా చూసేది అదే. 1000 మీటర్ల నాటికి ఎవరూ ఏమీ ఆశించడం లేదు. ఆ రోజు అతను ఎవరికీ బాకీ లేడు.

మీ అబ్బాయి విషయంలో ఒకటి గమనించండి. మ్యాచ్‌కు మీరు వెళ్తున్నారా? వెళ్తే ఎక్కడ కూర్చుంటున్నారు? ఔటై వచ్చినప్పుడు బాబు ముందు మీ మొహం వైపు చూస్తున్నాడా? చూస్తుంటే, కొన్ని మ్యాచ్‌లు ఇంట్లోనే ఉండండి. వచ్చాక అన్నం తిన్నావా అని మాత్రం అడగండి.

ప్రశ్న: పడిపోయినప్పుడు జనం ఎలా చూశారు? ఇప్పుడైతే సోషల్ మీడియాలో చంపేసేవాళ్లు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు

జవాబు: అతనికి ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయమ్మా. వాటిలో ఒకటి నాకు మరుపురాదు. పెన్సిల్వేనియాలో ఉండే ఒక మనిషి, మానసిక ఎదుగుదల తక్కువ ఉన్నవాళ్ల కోసం జరిపే స్పెషల్ ఒలింపిక్స్ క్రీడాకారుడు, రాశాడు. నువ్వు రెండుసార్లు పడటం టీవీలో చూసి బాధపడ్డానని, మా నాన్న పోయిన తర్వాత నేను పతకం గెలిచానని, నీకు పతకం లేకుండా ఉండటం నాకు నచ్చలేదు కాబట్టి నాది ఒకటి నీకు ఇస్తున్నానని. కవరులో నిజంగానే తన బంగారు పతకం పెట్టి పంపాడు.

అంటే జాన్సెన్ చేతికి బంగారు పతకం 1994లో కాదు, 1988లోనే వచ్చింది. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్ని నేను పారేయకపోవడానికి కారణం కూడా ఇలాంటి ఉత్తరాలే. అట్టపెట్టెల్లో అన్నీ ఉన్నాయి.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లో రోలర్ స్కేటింగ్ నేర్పిస్తున్నాం. బాగా వేగంగా పోతాడు. ఐస్ మీదకు మారొచ్చా? మన దేశంలో దారి ఉందా?
– ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: మారొచ్చమ్మా, చాలామంది అలాగే మారారు. టెక్సస్‌కు చెందిన చాడ్ హెడ్రిక్ చక్రాల మీద ప్రపంచ ఛాంపియన్, తర్వాత ఐస్ మీదకు వచ్చి 2006 టురిన్‌లో 5000 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఫ్లోరిడాలో మంచే పడని ఒకాలా నుంచి వచ్చిన ఎరిన్ జాక్సన్ 2022 బీజింగ్‌లో 500 మీటర్లు గెలిచింది. ఆవిడ కథలో కూడా ఒక జారుడు ఉంది. ఆ ఏడాది అమెరికా జట్టు ఎంపిక పోటీలు నేను నడిచిన ఆ పెటిట్ సెంటర్‌లోనే జరిగాయి. ఎరిన్ తడబడి మూడో స్థానంలో వచ్చింది, బెర్తులు రెండే. మొదటి స్థానంలో వచ్చిన బ్రిటనీ బో, అదే ఒకాలా అమ్మాయి, తన బెర్తు ఎరిన్‌కు ఇచ్చేసింది. తర్వాత అమెరికాకు ఇంకో బెర్తు దొరికి బో కూడా దిగింది. కానీ ఇచ్చేటప్పుడు అది తెలియదు కదా.

మన దేశంలో 400 మీటర్ల ఇండోర్ మంచు ట్రాక్ లేదు. షిమ్లాలో 1920 నుంచి సహజంగా గడ్డకట్టే రింకు ఉంది. డెహ్రాడూన్‌లో ఇండోర్ రింకు ఉంది, అది షార్ట్ ట్రాక్ సైజు. ఇప్పుడే దాని గురించి ఆలోచించకండి. చక్రాల మీదే చాలా దారి ఉంది. 2010 ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అనూప్ కుమార్ యామా ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3000 మీటర్ల రిలేలో మన పురుషులు, మహిళలు ఇద్దరికీ కాంస్యాలు వచ్చాయి. తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బాబుకు హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు లేకుండా ఒక్క రోజు కూడా పంపకండి. పడటం ఎలాగో ముందు నేర్పే కోచ్ దగ్గర చేర్చండి.

ప్రశ్న: తర్వాత ఆయన ఏమయ్యాడు?
– విలేకరి, శ్రీకాకుళం

జవాబు: హామార్ తర్వాత పోటీలు మానేశాడు. ముగింపు వేడుకలో అమెరికా జెండా పట్టుకుంది అతనే. అక్క జ్ఞాపకంగా బ్లడ్ క్యాన్సర్ రోగులకు సాయపడటానికి ఒక ఫౌండేషన్ పెట్టాడు. టీవీలో స్పీడ్ స్కేటింగ్ వ్యాఖ్యాతగా చాలా ఏళ్లు కనిపించాడు. నాకు తెలిసి, వేరేవాళ్లు పడినప్పుడు ఏం మాట్లాడాలో అతనికి తెలిసినంతగా ఇంకే వ్యాఖ్యాతకూ తెలిసి ఉండదు.

ప్రశ్న: మాస్టారూ, పోయిన నెల రాసింది నేనే. మళ్లీ పరుగు మొదలుపెట్టాను. కానీ మలుపు దగ్గర నాకు తెలియకుండానే స్పీడు తగ్గిపోతోంది. ఏం చేయాలి?
– తొమ్మిదో తరగతి, బాపట్ల

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమైందో. ముందు మీ గ్రౌండుకు పొద్దున్నే వెళ్లి, చివరి మలుపులో లోపలి గీత పక్కన చీపురు పెట్టి ఊడ్పించు. సున్నం గీత పక్కన వదులు మట్టి, ఇసుక పేరుకుంటాయి. నీ కాలు జారింది అక్కడేనేమో.

తర్వాత వారం రోజులు 400 మీటర్లు పరిగెత్తకు. మలుపు మాత్రమే. మలుపుకు పది అడుగుల ముందు మొదలుపెట్టి, మలుపు దాటాక పది అడుగులకు ఆపెయ్. మొదటి మూడు రోజులు ముప్పావు వేగం. రోజుకు ఆరుసార్లు చాలు, మధ్యలో నడుచుకుంటూ వెనక్కి రా. లోపలికి వాలేటప్పుడు నడుము దగ్గర వంగకు, చీలమండ నుంచి తలదాకా ఒక్క కర్రలా వాలు. కుడి చెయ్యి కొంచెం ఎక్కువ ఊపు, ఎడమ చెయ్యి ఒంటికి దగ్గరగా. కళ్లు కాళ్ల వైపు కాదు, పదిహేను అడుగుల ముందుకు. నాలుగో రోజు నుంచి పూర్తి వేగం.

పడతావేమో. పడితే మోచేతులు నేలకు ఆనించకుండా పక్కకు దొర్లు. లేచి మట్టి దులుపుకుని అదే మలుపు ఇంకోసారి తిరిగి, అప్పుడు ఇంటికి వెళ్లు. లేసులకు రెండు ముళ్లు వేసుకో. వచ్చే నెల పదో తేదీలోగా నీ 400 మీటర్ల టైము ఎంతో నాకు రాయి.